గోడకంటిన డబ్బు

"గోడకి అంటుకున్నది ఏదైనా నాదే," అన్నాడు ఓనరు గడపలో నిలబడి. "ఫ్యాను విప్పకూడదు, స్విచ్చిబోర్డు పీకకూడదు, ఆ అలమార కదపకూడదు. ముందే చెబుతున్నానమ్మా, తర్వాత గొడవొద్దు."

గుండీలక్క చేతిలో ఉన్న జిప్పుల కట్టకి రబ్బరుబ్యాండు వేసి అట్టపెట్టెలో పెట్టింది.

"ఫ్యాను ఉంచుకోండి. అలమార మాత్రం నాది. కాళ్ళమీద నిలబడిందండీ, గోడకి ఒక్క మేకు లేదు. అనుమానం ఉంటే వంగి చూసుకోండి."

ఓనరు నిజంగానే వంగి చూశాడు. మోకాలిమీద చెయ్యి ఆనించి, తల పక్కకి వాల్చి, అలమార వెనక సందులోకి ఒక కన్ను పెట్టాడు. మేకు కనపడలేదు. కనపడనందుకు మొహం చిన్నబుచ్చుకుని లేచి, "నెలాఖరు," అని మాత్రం గుర్తుచేసి వెళ్ళిపోయాడు.

"ఫ్యానూ ఆయనా ఒకటే," అంది మూల స్టూలుమీద కూర్చున్న అత్తగారు. "గాలి తక్కువ, చప్పుడెక్కువ."

ఆ వీధంతా దర్జీలే. కుట్టు మధ్యలో హుక్కులు అయిపోతే, దారం రంగు కలవకపోతే, మెషీను ఆపి మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చేది గుండీలక్క దగ్గరికే. గుండీలు, జిప్పులు, లేసులు, ఎలాస్టిక్కు, కాలరు లోపల పెట్టే గట్టి గుడ్డ, అన్నీ ఉంటాయి. ఆమె వ్యాపారం మొత్తం ఆ పరుగుమీదే నడుస్తుంది. ఒక్క హుక్కు కోసం ఎవడూ వీధి దాటి మెట్లెక్కి రాడు. ఈ సంగతి ఆమెకీ తెలుసు, ఓనరుకీ తెలుసు. ఫోన్లషాపు ఆయన రెండింతలు అద్దె ఇస్తానన్నాడు. ఆమె ఒకటిన్నర దాకా వెళ్ళింది. ఆపైన ఇంకొంచెం పెంచినా, పొద్దున్నించి సాయంత్రం దాకా ఓనరు కోసం గుండీలమ్మినట్టే. వెనక వీధిలో మేడమీద గది చూసొచ్చింది. అక్కడ అద్దె తక్కువే, బేరమూ తక్కువే, చివరికి తిండీ తక్కువే అవుతుంది. లారీమీద వారానికోసారి ఇల్లు చేరే మొగుడు ఫోనులో, "లారీ లెక్క నాది, షాపు లెక్క నీది, నీకేది తోస్తే అది చెయ్యి," అన్నాడు. తోచడానికి ఆమెకి ఇంకేమీ మిగల్లేదు. అందుకే సర్దుతోంది.

అలమార ఖాళీ అయ్యాక పక్క వరండాలో మెషీను పెట్టుకున్న టైలరుని కేకేసింది. అతను ఆమెకి వరసేమీ కాకపోయినా అక్కా అనే పిలుస్తాడు. అరువు అడగాల్సినప్పుడు ఆ 'అక్కా' ఇంకొంచెం సాగుతుంది.

"నువ్వా కొస పట్టు తమ్ముడూ. కింద ఇటుకలున్నాయి, కాళ్ళమీద పడేసుకోకు."

ఇద్దరూ ఎత్తారు. అలమార కిర్రుమని, ఇటుకలు దిగి, జానెడు జానెడుగా నడిచి షాపు మధ్యకొచ్చింది. వెనక నించి ఏళ్ళనాటి దుమ్ము మేఘంలా లేచింది. టైలరు తుమ్మాడు. రెండో తుమ్ము కోసం మొహం పైకెత్తినవాడు అలాగే ఉండిపోయాడు.

"అక్కా. డబ్బు."

"అరువా? ఇప్పుడా?"

"అరువు కాదక్కా. గోడ చూడు."

చూసింది. నడుం ఎత్తు నించి తల దాటేదాకా గోడమీద నోట్లున్నాయి. పెద్ద నోట్లు, గోధుమరంగువి, ఒకదాని అంచుకి ఒకటి ఆనించి, వంకర లేకుండా వరసలు వరసలుగా. మధ్యలో చెమ్మ మరక ఒకటి వాటిమీద పటంలా పరుచుకుంది. గుండీలక్క చెయ్యి దానంతటదే కొంగుకి తుడుచుకుంది, మంచి గుడ్డ ముట్టుకునే ముందు తుడుచుకున్నట్టు.

"అత్తయ్యా! ఇవేంటి?"

అత్తగారు స్టూలుమీంచి లేవలేదు. మెడ మాత్రం చాచింది. "ఓ అవా. మీ మావయ్య అంటించాడు. ఈ నోట్లు ఇక చెల్లవన్నారు చూడు, అప్పుడు. బ్యాంకు ముందు నిలబడీ నిలబడీ తన వంతు వచ్చేసరికి గడువు పోయింది. ఇంటికొచ్చి మైదా ఉడికించమన్నాడు. తినడానికేమో అనుకున్నా. అందులో మైలతుత్తం కలిపాడు పురుగు పట్టకుండా. అప్పుడు కదా నాకు భయమేసింది."

"గోడకెందుకంటించాడు?"

"చెమ్మ ఊరుతోందని. ఎందుకూ పనికిరాని కాగితాలు, కనీసం నీళ్ళైనా పీలుస్తాయి అన్నాడు. అవీ పీల్చలేదు. అలమార అడ్డం పెట్టాం." వేలెత్తి చూపించింది. "ఆ పై వరసంతా నా మెషీనే. నా కుట్టుమెషీను అమ్మిన డబ్బు."

టైలరు అప్పటికే ఫోను తీశాడు. బొటనవేలు వాయువేగంతో పోతోంది. "అక్కా, పాత నోట్లు కొనేవాళ్ళున్నారు. ఒక్కో నోటుకి ఎంతిస్తున్నారో చూడు! ఇది చూడు, ఇది... అమ్మో, ఇది కారు ధర!"

గుండీలక్క గోడవైపు చూసింది. వరసకి ఎన్ని, వరసలెన్ని అని మనసు డజన్లు కట్టేసింది, పన్నెండేసి డజన్లని గ్రోసులు చేసేసింది. పొద్దున్నించి నొప్పెడుతున్న నడుం ఎటుపోయిందో తెలీలేదు.

"ఇస్త్రీ పెట్టె తీసుకురా," అంది.

*

ఆవిరి పెట్టెతో కాలరుకి అతికిన గట్టి గుడ్డ ఊడదీయడం వాళ్ళిద్దరికీ రోజూ ఉండే పనే. టైలరు పెట్టెని గోడకి వేలెడు దూరంలో పట్టుకుని ఆవిరి వదిలాడు. పాత మైదా మెత్తబడి పుల్లటి వాసన కొట్టింది. గుండీలక్క అంచు అరిగిన ప్లాస్టిక్ స్కేలు ఒకటి నోటు అంచు కిందికి పోనిచ్చి, ఊపిరి బిగబట్టి, కొంచెం కొంచెంగా లేపింది. నోటు ఊడి, ఉడికిన దుంప తొక్కలా ఆమె అరచేతిలో వాలింది.

"వచ్చేసింది!" అని టైలరు గెంతాడు. పెట్టె కొంచెముంటే అత్తగారి కాలిమీద పడేది.

"గెంతితే గెంతావు గానీ, కాల్చి చంపకు నాయనా," అంది ఆవిడ. కానీ ఆవిడా స్టూలు దగ్గరికి జరుపుకుంది.

మూడు నోట్లు ఊడదీశారు. మూడూ మురికిగా, వెనక నీలం మరకలతో, వంకరలు పోయి ఉన్నాయి. ఇలాంటి సరుకు కొనేవాడి ముందు పెట్టడం గుండీలక్క వల్ల కాదు. మాసిన గుండీని కూడా ఆమె గుడ్డతో రుద్దిగానీ అట్టకి కుట్టదు. సరుకు మెరిస్తే బేరగాడి నోరు మూతపడుతుందని ఆమె నమ్మకం, ఆ నమ్మకం ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది. గిన్నెలో సబ్బునీళ్ళు కలిపి, నోట్లు ముంచి, దూదితో మెల్లిగా రుద్దింది. గోధుమరంగు కొంచెం నీళ్ళలోకి దిగింది. అది మురికే అనుకుంది. గంజి పూసి, గట్టి గుడ్డమీద పరిచి, పైన పల్చటి గుడ్డ వేస్తే టైలరు ఇస్త్రీ చేశాడు. ఒక నోటుకి కుడి మూలన కాగితం ఎక్కువుంది, కుక్కచెవిలా బయటికి పొడుచుకొచ్చి, దానిమీద కూడా ఏవో గీతలు. కుట్టు దాటి వేలాడే గుడ్డ చూస్తే ఆమె చెయ్యి ఆగదు. కత్తెర తీసి, స్కేలు ఆనించి, చక్‌మని కత్తిరించి సాఫు చేసింది.

టైలరు మూడింటినీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. కొత్త కాలర్లలా పెళపెళలాడుతున్నాయి.

"ఇప్పుడు చూడక్కా. పెళ్ళికి తయారైనట్టున్నాయి."

వాటికీ గోడకీ ఫోటోలు తీసి, పాత నోట్లవాళ్ళ గుంపు ఒకటి వెతికి పట్టుకుని అందులో పెట్టాడు. షాపు మూసేలోపే ఒకాయన ఫోను చేశాడు, పొద్దున వస్తున్నానని, అప్పటిదాకా దేన్నీ ముట్టుకోవద్దని. ముట్టుకోవడం అప్పటికే అయిపోయిందని టైలరు చెప్పలేదు. ఇంటికి పోయాక గుండీలక్క అన్నంలో ఉప్పు రెండుసార్లు వేసింది. అత్తగారు మాట్లాడకుండా తినేసింది.

*

పాత నోట్లాయన సన్నగా, గట్టిగా దగ్గితే విరిగిపోతాడేమో అన్నట్టున్నాడు. చేతిసంచీలోంచి భూతద్దం, చిన్న పట్టకారు తీసి బల్లమీద పెట్టాడు. మూడు నోట్లనీ చేత్తో ముట్టుకోలేదు. పట్టకారుతో ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి, వాసన చూసి కింద పెట్టాడు.

"ఇస్త్రీ ఎవరు చేశారు?"

"నేనేనండీ!" అన్నాడు టైలరు ముందుకొచ్చి. మెచ్చుకుంటాడనుకుని చొక్కా కూడా సర్దుకున్నాడు.

"ఉతికిందెవరు?"

"నేను," అంది గుండీలక్క.

ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. "అమ్మా, మీ వ్యాపారంలో మాసిన సరుకు ఎవరూ కొనరు. మా దాంట్లో కడిగిన సరుకు ఎవరూ కొనరు. మడత ఉంటే ఉండనీ, మరక ఉంటే ఉండనీ, మాకు అదే ముద్దు. ఎవరి చెయ్యీ పడనిదానికే ధర. గంజి పెట్టిన నోటుని నేనెవరికి చూపించను? నవ్వుతారు."

మూడో నోటు దగ్గర ఆయన ఆగాడు. భూతద్దం కుడి మూలకి దించి చాలాసేపు ఉంచాడు.

"ఇక్కడ మూల ఇంతేనా? కాగితం ఎక్కువేమైనా ఉండేదా?"

"ఉండేది. వంకరగా పెరిగి ఉంది. కత్తిరించాను."

పాత నోట్లాయన పక్కనున్న దారపు ఉండల పెట్టెమీద కూర్చుండిపోయాడు. కూర్చునే ముందు కింద ఏముందో కూడా చూసుకోలేదు.

"అచ్చయ్యాక పెద్ద కాగితాన్ని నోట్లుగా కోస్తారమ్మా. కోసేటప్పుడు ఎక్కడో ఒక మూల మడత పడిపోతే, ఆ మూల కత్తికి దొరక్కుండా ఉండిపోతుంది. మడత విప్పితే చెవిలా బయటికొస్తుంది. అలాంటిదొకటి దొరకాలని మా వాళ్ళు జన్మంతా తిరుగుతారు. మురికిగా ఉన్నా, వెనక మైదా ఉన్నా, ఆ ఒక్క చెవి కోసం..." ఆయన షాపు చుట్టూ చూశాడు. "ఈ షాపు అద్దెంత?"

చెప్పింది.

"ఏడాది అద్దె వచ్చేది."

గుండీలక్క కత్తెర వైపు చూసింది. ఒక్క కత్తెర వేటు! జీవితంలో ఇంత ఖరీదైన కత్తిరింపు ఏ దర్జీ కత్తిరించి ఉండడు. "ముక్క... ముక్క ఉండాలి!" అని నేలమీద కూర్చుండిపోయింది. టైలరు బల్ల కిందికి దూరాడు. కత్తిరింపుల గోనెసంచీ కోసం చెయ్యి చాచి, ఖాళీ గోడని తడిమి, మెల్లిగా బయటికొచ్చాడు.

"అక్కా, పొద్దున్నే దిళ్ళవాడు పట్టుకుపోయాడు."

కత్తిరింపులు కొని దిళ్ళలో కూరేవాడు ఒకడున్నాడు, పొద్దున్నే వచ్చి సంచీ ఎత్తుకుపోతాడు. ఏడాది అద్దె ఎవరి తలకిందికో వెళ్ళిపోయింది.

"దొరికినా లాభం లేదులెండి, తెగింది అతకదు," అని పాత నోట్లాయన లేచాడు. "గోడమీద అలాంటిది ఇంకోటి ఉందేమో చూద్దాం."

ఆ మాటతో మళ్ళీ నలుగురికీ ఊపిరొచ్చింది. అత్తగారు కూడా కళ్ళజోడు తుడుచుకుని లేచింది. ఆయన భూతద్దంతో పై వరస నించి మొదలుపెట్టాడు, టైలరు స్టూలెక్కి ఫోను లైటు పట్టాడు, గుండీలక్క కింది వరస నించి వేలు ఆనకుండా అంచంచునా చూసుకుంటూ వచ్చింది. "ఇక్కడ!" అని ఆమె రెండుసార్లు అరిచింది, ఒకసారి బల్లి గుడ్డు పెంకు, ఒకసారి ఊడిన సున్నం పెచ్చు. "ఇదిగో!" అని టైలరు అరిస్తే అది దుమ్ము. అత్తగారు తన మెషీను వరస మొత్తం తనే చూస్తానని పట్టుబట్టి, ఒక్కో నోటునీ పలకరిస్తున్నట్టు చూసింది. చెవి ఉన్న నోటు ఇంకొకటి లేదు.

పాత నోట్లాయన భూతద్దం సంచీలో వేసుకున్నాడు.

"నిజం చెబుతానమ్మా. వీటి వెనక మైలతుత్తం దిగింది, అది పోదు. ఊడదీస్తే ఒక్కోటి మీ డజను మంచి గుండీల ధర కూడా చెయ్యదు. ఉన్నవి ఉన్నట్టు, గోడ గోడలాగే కావాలనే పిచ్చివాడు ఎవరైనా దొరికితే, మొత్తానికి కలిపి రెండు నెలల అద్దె. చూడ్డానికి మాత్రం బాగుంది. నేను ఇన్నేళ్ళలో ఇలాంటి గోడ చూళ్ళేదు."

"ముట్టుకోకుండా ఉంటేనే," అంది గుండీలక్క.

"ముట్టుకోకుండా ఉంటేనే."

ఆమె ఆ మాటని పెదాలమీదే ఇంకోసారి చెప్పుకుంది.

*

మధ్యాహ్నానికి వీధి వీధంతా షాపు ముందుంది. టైలరు పెట్టిన ఫోటో ఎవరి ఫోన్లోంచి ఎవరి ఫోన్లోకి దూకిందో గానీ, దూకిన ప్రతిసారీ ఒక సున్నా ఎక్కువైంది. దర్జీలు మెడలో టేపులతో వచ్చారు, వాళ్ళ దగ్గర కొలతలిచ్చేవాళ్ళు సగం కొలతలతో వచ్చారు. "నిజం నోట్లేనా?" "నిజమేలే, బయట చెల్లవు, గోడమీద చెల్లుతాయి." "ఒక్కటి పీకి ఇవ్వొచ్చుగా అక్కా, నీ పేరు చెప్పుకుని బతుకుతా!"

జనాన్ని మోచేతుల్తో తోసుకుంటూ ఓనరు వచ్చాడు. ఇంట్లో చెప్పులతోనే వచ్చాడు, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. లోపలికొచ్చి గోడ చూసి, నోరు తెరిచి, మూసి, చెయ్యి పైకెత్తాడు.

"గోడకి అంటుకున్నది..."

"మీదే," అంది గుండీలక్క.

దెబ్బలాటకి సిద్ధపడి వచ్చిన మనిషి తూలి పడబోయాడు. "ఆఁ?"

"మీరేగా అన్నారు. అంటుకున్నది మీది. మా మావయ్య అంటించినా సరే, గోడ మీది కాబట్టి మీదే. నేను కాదనను. కానీ ఒక మాట వినండి. ఇది పెద్ద విలువ చేసేది కాదు. ఈయన ఆ వ్యాపారంలో ఉన్నాయన, ఇప్పుడే చూశాడు. మొత్తం కలిపి రెండు నెలల అద్దె, అదీ కొనేవాడు దొరికితే."

పాత నోట్లాయన తలూపాడు. "నిజమేనండీ. కావాలంటే ఆ ధరకి ఎవరైనా దొరుకుతారేమో నేనే చూసిపెడతాను."

ఓనరు ఆయన్ని తల నించి కాలిదాకా చూశాడు. తర్వాత గుండీలక్కని చూశాడు. తర్వాత వీధి నిండా ఉన్న జనాన్ని చూశాడు. మొహంలోకి మెల్లగా నవ్వొచ్చింది.

"రెండు నెలల అద్దె కోసమా తల్లీ ఇంతమంది ఎండలో నిలబడ్డారు? నేను వడ్డీ వ్యాపారం కూడా చేశాను. సరుకు చౌక అని ఒకడు, అవునవును అని ఇంకొకడు అన్నారంటే, ఆ సరుకు ఎంతో నాకు తెలుసు. మీ ఇద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారు, నిన్న సాయంత్రమా?"

"మీ ఇష్టం," అంది ఆమె, ఎలాస్టిక్కు చుట్టలు పెట్టెలో సర్దుకుంటూ. "నిజం చెప్పడం వరకే నా వంతు."

మర్నాడు ఫోన్లషాపు ఆయన కొలతలకి వచ్చాడు. ఓనరు ఆయనకంటే ముందే వచ్చి గోడకి కాపలాగా నిలబడి ఉన్నాడు. ఆయన టేపు లాగి, "ఇక్కడ అద్దాల అరలు, ఇక్కడినించి ఇక్కడికి ప్లగ్గులు, గోడంతా తెల్ల టైల్సు," అన్నాడు. పక్కనున్న పనివాడు డ్రిల్లు తీశాడు, ఎక్కడ తడి ఉందో చూద్దామని.

"ఆగు ఆగు ఆగు!" ఓనరు రెండు చేతులూ చాపి అడ్డం పడ్డాడు. "ఈ గోడ కాకుండా మిగతా రెండూ వాడుకోవచ్చుగా?"

"ఉన్నదే మూడు గోడల షాపు. నడి గోడ వదిలేస్తే ఫోన్లు ఎక్కడ పెట్టను, మీ నెత్తిమీదా?"

"ఊడదీసి ఇస్తా. రెండు రోజులాగు."

"ఊడదీస్తారా?" అంది గుండీలక్క. బల్లమీద ఉన్న మూడు నోట్లనీ ఆయన ముందుకి తోసింది. గంజి పెట్టినవి, మెరుస్తున్నవి. "మేం ఊడదీశాం. అదిగో ఆ మూడోది. ఏడాది అద్దె చేసేదట. ఇప్పుడు పుస్తకంలో పెట్టుకోడానికి పనికొస్తుంది."

ఓనరు ఆ నోటుని చూశాడు. చెయ్యి చాచి, ముట్టుకోకుండా వెనక్కి తీసుకున్నాడు. ఆయన మనసులో లెక్క జరగడం బయటికి వినపడేంత గట్టిగా జరిగింది. ఒక్కటే ఏడాది అద్దె అయితే, గోడ మొత్తం?

"డ్రిల్లు లోపల పెట్టు," అన్నాడు పనివాడితో.

ఫోన్లషాపు ఆయన టేపు టక్కున వదిలాడు. అది పాములా పెట్టెలోకి దూరింది. "అద్దెకివ్వడం ఎందుకండీ, టిక్కెట్టు పెట్టుకోండి," అనేసి, ఎదురు వీధిలో ఖాళీ షాపు చూసుకోడానికి వెళ్ళిపోయాడు.

గుండీలక్క టేపు చుట్ట తీసుకుని అట్టపెట్టె మూత మీద బర్రుమని లాగి అంటించింది. ఇంకో పెట్టె తీసుకుంది. బర్రు.

"ఏమ్మా," అన్నాడు ఓనరు. "నువ్వు... ఆ గోడని ముట్టుకోకుండా... ఇలాగే ఉండొచ్చుగా?"

"నెలాఖరు అన్నారుగా." బర్రు.

"అన్నాననుకో."

"వెనక వీధిలో గది మాట్లాడుకున్నాను." బర్రు.

"ఎంత కట్టావు?"

"ఏం కట్టలేదు. రేపు కడతాను."

ఆమె లోపలి తొందరని మోచెయ్యి దాటనివ్వలేదు. చేతిలో టేపు నిటారుగా, ముడత లేకుండా పడుతోంది. ఓనరు పెట్టెమీద కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"పాత అద్దెకే ఉండు."

"ఎన్నాళ్ళు? ఇంకో ఫోన్లషాపు వచ్చేదాకానా?" ఆమె టేపు పక్కన పెట్టి మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది. "పదేళ్ళు. పాత అద్దె. కాగితం రాసి, ఆఫీసులో రిజిస్టరు చేయించాలి. గోడ మీది, నేను మేకు కొట్టను, చెయ్యి వెయ్యను, ఎవర్నీ వెయ్యనివ్వను. చెమ్మ సంగతి మీరే చూసుకోవాలి."

"చెమ్మా? లోపలిది ఎప్పుడూ అద్దెకున్నవాళ్ళే..." అని మొదలుపెట్టి, నోట్లమీది మరక చూసి ఆగిపోయాడు. మొహం పాలిపోయింది. "రేపే మేస్త్రీని పంపిస్తా. పైన పైపు కారుతోంది. ఎన్నాళ్ళ నించి కారుతోంది? నాకెవరూ చెప్పలేదే!"

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ చెమ్మ గురించి ఆవిడ మొగుడు చెప్పాడు, కొడుకు చెప్పాడు, కోడలు చెప్పింది.

"ఇంకోసారి చెబుతున్నానండీ, మొహమాటం లేకుండా," అంది గుండీలక్క. గుమ్మంలో నిలబడ్డ దర్జీలకి వినపడేలా గొంతు పెంచింది. "ఈ గోడ విలువ రెండు నెలల అద్దే. రేపు నన్ను తిట్టకూడదు."

"తిట్టను, తిట్టను," అన్నాడు ఓనరు చెయ్యి ఊపుతూ. కాస్త జాలిగా కూడా చూశాడు ఆమెని, పోగొట్టుకున్నదేంటో తెలీని మనిషిని చూసినట్టు. వెళ్ళబోతూ బల్లమీద నోట్లవైపు వేలు చూపించాడు. "అవి కూడా..."

"అవి ఊడిపోయాయి నాయనా," అంది అత్తగారు. లేచి వచ్చి, మూడు నోట్లూ తీసి కొంగున కట్టుకుంది. "అంటుకున్నవి నీవి. ఊడినవి మావి."

*

రిజిస్ట్రారు ఆఫీసు నించి రిక్షాలో వచ్చేటప్పుడు కాగితాలున్న కవరు గుండీలక్క ఒళ్ళోనే ఉంది. రెండు చేతులూ దానిమీదే ఉన్నాయి. ఒళ్ళంతా జ్వరం వచ్చినట్టు, ఎవరైనా పలకరిస్తే పాడేసేలా ఉంది. అత్తగారు మాత్రం దారి పొడుగునా మాట్లాడలేదు. వీధి మలుపు తిరిగాక అంది:

"ఒకసారి సర్కారువాళ్ళు చెల్లవని పోగొట్టారు. ఇంకోసారి నువ్వు చేతులారా ఇచ్చేశావు."

ముసలావిడ ఎదురుగా రోడ్డునే చూస్తోంది. కొంగు ముడి పిడికిట్లో ఉంది.

"అత్తయ్యా, ఆ డబ్బు మావయ్య బ్యాంకుకి పట్టుకెళ్ళినప్పుడు చెల్లలేదు. మీ మెషీను పోయింది, దానికి ఒక్క సూది కూడా తిరిగి రాలేదు. గోడకంటిస్తే చెమ్మ కూడా పీల్చలేదు. ఇవాళ చెల్లింది. పదేళ్ళ కాగితానికి చెల్లింది. మావయ్య కట్టిన అద్దె అది, నేను తీసుకెళ్ళి ఇచ్చానంతే."

అత్తగారు పిడికిలి వదులు చేసింది. రిక్షా గతుకులో పడి లేచింది.

"పదేళ్ళంటే నాకెన్నేళ్ళొస్తాయే?" అంది.

"లెక్కలు నాకొదిలెయ్యండి."

"నీ దగ్గర లెక్క తప్పదు గానీ," అంది ముసలావిడ, ఆమె భుజంమీద చెయ్యి వేసి, "కత్తెర మాత్రం దాచిపెట్టాలి."

*

అలమారని పక్క గోడకి మార్చారు. మేస్త్రీ వచ్చి పైపు బాగుచేశాడు. గది పొడిగా ఉంటే హుక్కులకి, జిప్పులకి తుప్పు పట్టదని, సగం సరుకు దెబ్బతినడం ఆగిపోతుందని గుండీలక్క అప్పటిదాకా లెక్కే వెయ్యలేదు. ఇంకోటి కూడా వెయ్యలేదు. డబ్బు గోడని చూద్దామని దూరదూరాల నించి జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు ఊరికే చూసి పోవడానికి మొహమాటపడతారు. ఓ మూర లేసు, ఓ జిప్పు, పిల్ల గౌనుకి పువ్వుల గుండీలు. సాయంత్రానికి గల్లాపెట్టె మూత నొక్కితేగానీ పడటం లేదు. గిరాకీ పెరిగి టైలరుకి కూడా పని పెరిగింది, అతను వరండాలోంచి లోపలికి వినపడేలా, "నిజం నోట్లేనండీ, నా చేత్తో ఇస్త్రీ చేశాను!" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు.

ఓనరు రోజూ వస్తాడు. ఇప్పటికి నోట్ల వ్యాపారులు ముగ్గురొచ్చి ధర చెప్పారు. ముగ్గురూ ఇంచుమించు ఒకటే ధర చెప్పారు. ముగ్గురూ కూడబలుక్కున్నారని ఆయనకి గట్టిగా తెలిసిపోయింది. తొందరేం లేదు, పెరగనీ, అన్నాడు.

ఆ రోజు బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, గోడ ముందు నిలబడి, గొంతు తగ్గించి వరస వరసా చూపిస్తున్నాడు. "మన గోడే. మొత్తం మనదే." బావమరిది అవునా అవునా అంటున్నాడు. షాపులో అప్పటికే ఆరేడుగురున్నారు. గుమ్మంలోంచి ఒక దర్జీ మెడలో టేపుతో ఎగశ్వాసతో దూసుకొచ్చాడు. "అక్కా, నల్ల హుక్కులు, నాలుగో నెంబరు, మెషీనుమీద జాకెట్టు అలాగే ఉంది, ఆవిడ అక్కడే కూర్చుంది!"

నల్ల హుక్కుల పెట్టె ఓనరు వెనక అరలో ఉంది. గుండీలక్క బల్ల వెనక నించి బయటికొచ్చింది.

"ఓనరుగారూ, కాస్త పక్కకి జరగండి. బేరం వచ్చింది."

ఓనరు జరిగాడు. గోడకి భుజం తగలకుండా పొట్ట లోపలికి లాక్కుని, బావమరిదిని కూడా చెయ్యి పట్టి లాగి, అలమార మూలన ఒదిగి నిలబడ్డాడు.